బాదామికి బయలుదేరే ముందు

ఉత్తర కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లాలో, రెండు ఎర్రటి ఇసుకరాతి కొండల నడుమ, అగస్త్య తీర్థమనే చెరువు ఒడ్డున ఒదిగి ఉన్న బాదామి ఇప్పుడొక తాలూకా కేంద్రం మాత్రమే అయినా, ఆరో శతాబ్ది నడిమి కాలం నుంచి ఎనిమిదో శతాబ్ది నడిమి కాలం వరకు, అంటే సుమారు రెండు వందల ఏళ్లపాటు, దక్కనులో అధిక భాగాన్ని ఏలిన చాళుక్యుల రాజధాని. దాని పాత పేరు వాతాపి. పసిబిడ్డకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు తలచుకునే, అగస్త్యుడు జీర్ణం చేసుకున్న రాక్షసుడి పేరూ అదే. ఇక్కడి నుంచి ఏలిన రెండో పులకేశికి తమ్ముడైన కుబ్జ విష్ణువర్ధనుడే వేంగి తూర్పు చాళుక్య వంశానికి మూలపురుషుడు గనుక, ఆంధ్రదేశ చరిత్రకు ఈ ఊరితో నేరుగా చుట్టరికం ఉంది. అయినా హంపి యాత్రకు తోకగా తగిలించి ఒక్క పూటలో ముగించడమే చాలామందికి అలవాటు. ఆ పూట గుహల ముందు ఫొటోలకే సరిపోతుంది.

నగరంలో లెక్క తప్పితే మరో హోటలు, మరో బండి దొరుకుతాయి. చిన్న ఊళ్లో గదులు కొద్ది, చీకటి పడ్డాక వాహనాలు ఇంకా కొద్ది. అందువల్ల ఏవేవి చూడాలన్న పట్టిక కన్నా ముందు ఆ ఊరి ఎండ, జాతర, సెలవు దినం తెలుసుకోవాలి. బాదామికి అనువైన కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు. మార్చి దాటితే ఇసుకరాయి పగలంతా వేడెక్కి, గుహల మెట్లు, కోట దారి మధ్యాహ్నం ఎక్కడానికి వీలుకానంత మండుతాయి. వానాకాలంలో కొండల మీంచి అక్కా తంగి అనే జలపాతం దూకుతుంది గనుక ఆ అందం కోరేవారు అప్పుడు రావచ్చు గాని, 2019 ఆగస్టులో మలప్రభ నది పొంగి సమీపంలోని పట్టదకల్లు ఆలయాల ప్రాంగణాన్ని ముంచెత్తిన సంగతి మరవకుండా, ముందు రోజు నది సమాచారం కనుక్కొని కదలడం మేలు. ఊరికి ఐదు కిలోమీటర్లలో ఉన్న బనశంకరి అమ్మవారి జాతర పుష్య పౌర్ణమి ప్రాంతంలో, సాధారణంగా జనవరిలో, సాగుతుంది. జాతర చూడడమే ఉద్దేశమైతే గది చాలా ముందుగా ఖాయం చేసుకోవాలి, కాకపోతే ఆ రోజులు వదిలేయాలి.

హైదరాబాదు నుంచి రాయచూరు, లింగసుగూరు, హునగుంద మీదుగా రోడ్డు దూరం నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. విజయవాడ, గుంటూరు, నంద్యాల వైపు నుంచి వచ్చేవారు అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో గదగ్ వరకు వచ్చి, అక్కడి నుంచి ఉత్తరంగా సాగే మార్గంలో రైలో బస్సో పట్టుకోవచ్చు. బాదామి రైల్వే స్టేషను ఊరికి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉండడంతో, అర్ధరాత్రి దిగే రైలు ఎంచుకున్నవారు బస చేసే చోటికి ముందే ఫోను చేసి ఆటో మాట్లాడించుకోవాలి. భాష గురించి భయం అక్కర్లేదు: కన్నడ, తెలుగు లిపులు ఒకే పాత లిపి నుంచి చీలినవి కాబట్టి, బస్సు మీది ఊరి పేరును తెలుగు చదవగలిగినవారు కాస్త తడుముకుంటూ చదివేయగలరు. ఇతర రాష్ట్రాల పర్యాటకులకు లేని సౌలభ్యమిది.

బాదామిలో ఉదయం గుహలకు, సాయంత్రం చెరువుకు కేటాయించడం ఉత్తమం. కొండను తొలిచి చేసిన నాలుగు ప్రధాన గుహాలయాల్లో మొదటిది శివుడిది, రెండు, మూడు విష్ణువువి, నాలుగోది జైనులది. మొదటి గుహ పక్కన పద్దెనిమిది చేతుల నటరాజు ముందే చాలామంది ఎక్కువసేపు ఆగిపోతారు గాని, అసలు సమయం ఇవ్వాల్సింది మూడో గుహకు. అందులోని శాసనం శక సంవత్సరం 500 నాటిది; శక సంవత్సరమంటే సామాన్య శకం 78లో మొదలైన కాలగణన గనుక అది 578 అవుతుంది. తేదీ తెలియని గుహలు, గుడులు ఏ కాలానివో అంచనా కట్టే చరిత్రకారులకు ఇటువంటి తేదీ గట్టి ఆధారం. మెట్ల వెంట కోతుల బెడద నిజమైనదే. తినుబండారాల సంచి, చేతిలో శీతలపానీయం సీసా ఉన్నవారినే అవి వెంబడిస్తాయి. ఉత్తరపు కొండ పాదంలోని పురావస్తు మ్యూజియానికి శుక్రవారం సెలవు. దాని పక్కనుంచి ఇరుకైన రాతి చీలికల గుండా కోట మీది శివాలయాలకు దారి ఉంది. పొద్దు వాలే వేళకు చెరువు తూర్పు గట్టున ఉన్న భూతనాథ ఆలయానికి చేరితే, పడమటి ఎండలో కొండ రంగు మారడం చూడవచ్చు.

రెండో రోజు చాళుక్యుల ఆలయాలున్న పట్టదకల్లు, ఐహొళెలకు కేటాయించాలి. వరుసలో అందరూ చేసే పొరపాటు, దగ్గరగా ఉందని పట్టదకల్లుకు ముందు వెళ్లడం. బాదామి నుంచి పట్టదకల్లు సుమారు 22 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఐహొళె మరో 13 కిలోమీటర్లు ఉంటాయి. పొద్దున్నే నేరుగా ఐహొళెకు వెళ్లి, వెనక్కి వస్తూ పట్టదకల్లు, ఆపైన మహాకూట ఆలయాలు చూస్తే, ఎండ ముదరకముందే ఐహొళెలోని మేగుటి కొండ ఎక్కడం పూర్తవుతుంది. పైగా ఆలయ నిర్మాణంలో ఐహొళె ప్రయోగాలు ముందు, పట్టదకల్లు పరిణతి తర్వాత కంటబడతాయి. మేగుటి జైనాలయ గోడ మీద రవికీర్తి సంస్కృతంలో రాసిన 634వ సంవత్సరపు శాసనం పులకేశి హర్షవర్ధనుణ్ని ఓడించిన సంగతిని చెప్పడమే కాక, కాళిదాసును, భారవిని పేరెత్తి స్మరిస్తుంది. కాళిదాసు అంతకు ముందువాడనడానికి సాహిత్య చరిత్రకారులు చూపే సాక్ష్యాల్లో ఇదొకటి. కింద ఊళ్లో ఉన్న దుర్గ ఆలయం వెనుక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది గనుక దానిని గజపృష్ఠాకారమంటారు. ఆ పేరు దుర్గాదేవి నుంచి కాక, పక్కనున్న దుర్గం, అంటే కోట, నుంచి వచ్చింది.

1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పట్టదకల్లులో రెండు నిర్మాణ రీతులు ఒకే ఆవరణలో పక్కపక్కన నిలుస్తాయి: వంపు తిరిగి పైకి సన్నబడే శిఖరమున్నది నాగరం, అంతస్తులుగా మెట్లు పేర్చినట్టుండే విమానమున్నది ద్రావిడం. రెండో విక్రమాదిత్యుడు కంచిని జయించినందుకు గుర్తుగా రాణి లోకమహాదేవి కట్టించిన విరూపాక్షాలయం ద్రావిడ రీతిది. దాని స్థపతి గుండ అనే శిల్పి పేరు, అతడికి దక్కిన అనివారితాచారి బిరుదు శాసనంలో నిలిచాయి. పాపనాథ, గళగనాథ ఆలయాల నాగర శిఖరాలను చూసినప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా అలంపురం నవబ్రహ్మ ఆలయాలు గుర్తుకు రావాలి, ఎందుకంటే అవీ బాదామి చాళుక్యుల కాలానివే. కర్నూలు మీదుగా వచ్చే కుటుంబాలు దారిలో అలంపురం చూసి వస్తే పట్టదకల్లులో మార్గదర్శి చెప్పేదానిలో సగం ముందే తెలిసి ఉంటుంది.

ఈ మూడు ఊళ్లూ తిరగడానికి బాదామిలో రోజు కిరాయికి కారు మాట్లాడుకోవడమే సులువు. బస్సులు, టంటం అని పిలిచే పెద్ద ఆటోలు ఉన్నా ఐహొళె వైపు వాటిని నమ్ముకొని సాయంత్రం వరకు ఆగడం సాహసం. ఐహొళె, పట్టదకల్లుల్లో బస, భోజన సౌకర్యాలు అంతంతమాత్రం గనుక నీళ్లు, పండ్లు వెంట ఉండాలి. ఖానావళి అని బోర్డు ఉన్న భోజనశాలల్లో జొన్న రొట్టె, గుత్తివంకాయను పోలిన ఎణ్ణెగాయి, వేరుశనగ పొడి దొరుకుతాయి. బనశంకరి గుడి దగ్గర చుట్టుపక్కల పల్లెల మహిళలు బుట్టల్లో తెచ్చి వడ్డించే రొట్టె భోజనం వాటికన్నా రుచి. స్మారకాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. ప్రవాస తెలుగువారిలో ఓసీఐ కార్డున్నవారికి భారతీయుల రుసుమే వర్తిస్తుంది కాబట్టి కార్డు వెంట తెచ్చుకోవాలి. తిరుగు దారిలో అమీనగడలో కరదంటు అనే బెల్లం మిఠాయి, ఇలకల్‌లో మగ్గం చీరలు కొనవచ్చు.

వీటన్నిటికీ కనీసం రెండు రాత్రులు కావాలి. ఒక్క రోజే చేతిలో ఉన్నవారు మూడు ఊళ్లూ పరుగెత్తి చూసేకన్నా, ఐహొళెను మరో యాత్రకు వదిలి, పట్టదకల్లును ఉదయమే ముగించుకొని, మిగిలిన పొద్దంతా బాదామిలోనే ఉండడం మంచిది.