లెక్క వ్రాయుటే పనికి అడ్డమైనపుడు

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతముల ఔషధ కర్మాగారములలో నేడు అనేక యంత్రముల పని కంప్యూటర్లపై ఆధారపడి యున్నది. కంప్యూటరు మందగించినపుడు కారణ మెరుగుటకు ‘ట్రేసింగ్’ అను సాధనమును వాడుదురు. ఒక్కొక్కప్పుడు ఆ సాధనము వలననే కంప్యూటరు పూర్తిగా స్తంభించును. ఏల?

షిఫ్టు మారు వేళ గేటు కావలివాడు ప్రతి కార్మికుని పేరు, ఊరు, సంచిలోని వస్తువులు వ్రాయబూనినచో వరుస కదలదు గదా! ట్రేసింగ్ సైతము కంప్యూటరు చేయు ప్రతి చిన్న పనిని నమోదు చేయును. సెకనుకు అవి లక్షలు కావచ్చును. ఆ వ్రాతకే ప్రాసెసరు కాలము చెల్లిపోవును, డిస్కు నిండిపోవును.

ఈ చిక్కు నిపుణు లెరుగనిది కాదు. 2005లో సొలారిస్ 10తో వెలువడిన డీట్రేస్, యంత్రము స్పందింపకున్నచో తానే విరమించుకొనును. 2008లో లైనక్సులో చేరిన ఎఫ్‌ట్రేస్, కేటాయించిన చోటు నిండగానే సాధారణముగా పాత నమోదులపై క్రొత్తవి వ్రాయును.

కావున మేము సూచించున దిది: స్తంభించిన కంప్యూటరును ట్రేసింగ్ లేకుండ తిరిగి ప్రారంభించి చూడవలెను. అది సవ్యముగా నడచినచో అనుమానము మొదట కొలతపైననే నిలుపవలెను. పిదప సందేహమున్న పనిని మాత్రమే, కొద్దిసేపు, వేరొక డిస్కుపై నమోదు చేయవలెను. మందు తయారగుచున్న వేళ ఈ ప్రయోగము తగదు. ముందుగా విడి కంప్యూటరుపై పరీక్షించుట క్షేమము.