నలుగురి నోటా మంచి మాట... అదే నా వెబ్‌సైటుకు పెట్టుబడి!

2022 శ్రావణమాసం. వరలక్ష్మీవ్రతానికి ఇంకా వారం రోజులుంది. మామూలుగా అయితే ఆ వారంలో నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. అలాంటిది ఆ ఏడు పొద్దుటినుంచీ ఫోను మోగలేదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అక్క కూతురు సెలవు మీద వచ్చి ఉంది. "ఏంటి పిన్నీ, పండగ ముందు ఇంత తీరిగ్గా కూర్చున్నావ్?" అంటూ తన ఫోనులో గూగుల్ తెరిచి 'మంగళగిరి నూలు చీరలు' అని కొట్టింది. మొదటి పేజీలో మేము లేము. రెండో పేజీలోనూ లేము. పదో పేజీ దాకా చూసినా మా వెబ్‌సైటు జాడ లేదు. మూడు నెలల కిందట మొదటి పేజీలో కనిపించిన సైటే అది!

తప్పు ఎవరిదనుకున్నారు? నాదే. డబ్బిచ్చి మరీ చేయించుకున్న తప్పు.

మాది గుంటూరు. పదిహేనేళ్లుగా ఇంటి ముందు గదిలో మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతున్నాను. స్కూలు టీచర్లు, బ్యాంకు ఉద్యోగినులు, ఎగ్జిబిషన్లు... ఇదే నా వ్యాపారం. మంగళగిరిలో నాలుగు గుంట మగ్గాలు నా ఆర్డర్ల మీదే నడిచేవి. 2020లో కరోనా వచ్చి ఎగ్జిబిషన్లు ఆగిపోయాయి. అప్పుడు తెలిసిన అబ్బాయితో ఓ వెబ్‌సైటు చేయించుకున్నాను. రోజుకు నలభై మంది దాకా చూసేవారు, వారానికి మూడు నాలుగు ఆర్డర్లు వచ్చేవి. నాకది చాలానే అనిపించేది.

2022 సంక్రాంతి తర్వాత ఒకతను ఫోన్ చేశాడు. "మేడమ్, నెలలో మీ సైటుకు అయిదువేల లింకులు కట్టిస్తాం. గూగుల్‌లో నంబర్ వన్ గ్యారంటీ" అన్నాడు. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది. 36 వేలు కట్టేశాను. మా వారికి కూడా చెప్పలేదు. మొదటి రెండు నెలలూ నిజంగానే పైకి వచ్చాం. ఆ తర్వాత సంగతి మీకు చెప్పాగా!

అసలీ లింకుల గొడవేమిటి?

ఆ రాత్రి మా అమ్మాయి కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఏం చేస్తాం? అబ్బాయి తరఫువాళ్లు "మావాడు బంగారం" అంటారు. విని ఊరుకుంటామా? పక్కింట్లో అడుగుతాం, ఆఫీసులో వాకబు చేస్తాం. వెబ్‌సైటు సంగతీ అంతే. మన పేజీలో మనం పెట్టుకునే ఫొటోలు, ధరలు, రాతలు మన గురించి మనం చెప్పుకునేవి. మన పేజీకి బయట ఇతరులు మన గురించి చెప్పేది ఉందే, దానికోసం చేసే ప్రయత్నాన్నే 'ఆఫ్ పేజ్' అంటారు. ఇతర సైట్లు మన సైటుకు ఇచ్చే లింకు, కొన్నవాళ్లు రాసే అభిప్రాయం, మ్యాపులో మన దుకాణం వివరాలు, నలుగురూ మన పేరు తలుచుకోవడం... అన్నీ ఇందులోకే వస్తాయి.

గూగుల్ పుట్టిందే ఈ ఆలోచనతో. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ దీన్ని తయారుచేశారు. 1998లో కంపెనీ పెట్టారు. ఒక పరిశోధన పత్రాన్ని ఎంతమంది ఇతర పండితులు ప్రస్తావించారన్నదాన్ని బట్టి దాని విలువ తెలుస్తుంది కదా. వెబ్ పేజీలకూ అదే లెక్క వేశారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే ఒక ఓటు వేసినట్టు. అయితే అన్ని ఓట్లకూ ఒకే విలువ ఉండదు. ఊళ్లో హెడ్‌మాస్టారు చెప్పిన మాటకూ, బస్టాండులో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చెప్పిన మాటకూ తేడా లేదూ? అలాగే పదిమంది నమ్మే సైటు ఇచ్చే లింకుకు బరువెక్కువ. ఇప్పుడు గూగుల్ ఇంకా ఎన్నో విషయాలు చూస్తుంది గానీ, లింకుల లెక్క మాత్రం పోలేదు.

మోసం ఎక్కడ జరిగిందంటే...

ఓటు అన్నాక కొనేవాళ్లూ ఉంటారు, అమ్మేవాళ్లూ ఉంటారు. నా సైటుకు లింకులిచ్చిన జాబితా చూసి తల తిరిగింది. ఏవో పేకాట సైట్లు, ఏ దేశంవో తెలియని మందుల సైట్లు, మనిషి అడుగుపెట్టని పాడుబడ్డ పేజీలు! చీరకూ వాటికీ ఏమిటి సంబంధం? పైగా వేల లింకుల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట. వీధిలో అందరూ ఒకే గొంతుతో ఒకే వాక్యం చెబితే మనకైనా అనుమానం రాదా?

ఇందులో పెద్దవాళ్లూ పడ్డారు. అమెరికాలో జేసీ పెన్నీ అని పేరున్న దుకాణాల సంస్థ ఉంది. దానికోసం సంబంధం లేని వందలాది సైట్లలో వేలాది లింకులు పెట్టించారని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. తమకు తెలియకుండా జరిగిందని సంస్థ చెప్పింది. అయినా గూగుల్ చర్య తీసుకోవడంతో, పైన ఉన్న సంస్థ పేరు కొన్ని వెతుకులాటల్లో డెబ్బైయో స్థానం దరిదాపులకు పడిపోయింది. తర్వాత 2012 ఏప్రిల్‌లో గూగుల్ 'పెంగ్విన్' అనే మార్పు తెచ్చి దొంగ లింకుల మీద పడింది. ఇప్పుడైతే అలాంటి లింకుల్లో చాలావాటిని అసలు లెక్కలోకే తీసుకోదు. అంటే డబ్బిచ్చి కొన్నది చాలాసార్లు గాలికి పోతుంది. అదృష్టం బాగోకపోతే నాలాగా శిక్ష పడుతుంది.

నాకు శిక్ష పడిన సంగతి గూగుల్ ముందే చెప్పిందట. వెబ్‌సైటు యజమానుల కోసం 'సెర్చ్ కన్సోల్' అని ఉచిత ఖాతా ఉంటుంది. 'మీ సైటుకు అసహజమైన లింకులు ఉన్నాయి' అని అందులో సందేశం వచ్చి రెండు నెలలైంది. కానీ ఆ ఖాతా తెరిచింది ఆ కంపెనీవాళ్లు, వాళ్ల మెయిల్‌తో! నాకెలా తెలుస్తుంది? ఫోన్ చేస్తే "చూస్తాం మేడమ్" అన్నారు. తర్వాత ఎత్తడమే మానేశారు.

అన్నిటికన్నా కష్టమైంది వేరే ఉంది. దసరా వెళ్లాక మంగళగిరి వెళ్లి, రెండు మగ్గాలకు ఇక పని ఇవ్వలేనని చెప్పాను. పెద్దాయన ఏమీ అనలేదు. "పర్లేదులేమ్మా, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నాడు. ఆ మాటకు తిట్టినా బాగుండేదనిపించింది.

దిద్దుకున్నదిలా

డొమైన్ నా పేరు మీదే ఉంది కాబట్టి బతికిపోయాను. సైటు నాదేనని నిరూపించుకుని, నా మెయిల్‌తో కొత్తగా సెర్చ్ కన్సోల్ తెరిచాం. లింకుల జాబితా దించుకుని ఒక్కొక్కటీ చూశాం. చిరునామా దొరికిన సైట్లవాళ్లకు 'దయచేసి మా లింకు తీసెయ్యండి' అని రాశాం. తీసినవాళ్లు కొద్దిమందే. మిగిలినవన్నీ ఒక ఫైలులో వరసగా రాసి, 'ఈ లింకులతో మాకు సంబంధం లేదు, లెక్కలోకి తీసుకోవద్దు' అని గూగుల్‌కు పంపాం. 2012 అక్టోబరు నుంచి ఈ సదుపాయం ఉంది. అయితే ఇది అందరికీ అవసరం లేదు సుమా! నాలా శిక్ష పడినవాళ్లకో, కొన్న లింకుల వల్ల పడుతుందని భయమున్నవాళ్లకో మాత్రమే. తెలియక వాడితే మంచి లింకులు కూడా పోతాయి.

తర్వాత, ఏం జరిగిందో దాచకుండా రాసి, మళ్లీ పరిశీలించమని అర్జీ పెట్టాం. మొదటిసారి తిప్పికొట్టారు. ఇంకొన్ని లింకులు ఏరి రెండోసారి పెడితే, 2023 జనవరిలో శిక్ష ఎత్తేశారు. హమ్మయ్య అనుకున్నాను. కానీ పోయిన స్థానం వెంటనే రాలేదు. దొంగ ఓట్లు తీసేశాక మిగిలింది సున్నాయే కదా!

ఈసారి నిజమైన మాట

"పిన్నీ, లింకు అడుక్కోవడం కాదు. నీ దగ్గర ఉండి ఇతరుల దగ్గర లేనిది ఏమిటో అది పెట్టు" అంది మా అమ్మాయి. నా దగ్గరేముంది? మగ్గం ఉంది! పెద్దాయన ఇంట్లో రెండు రోజులు కూర్చుని, పడుగు పోయడం నుంచి నిజాం అంచు వేసేదాకా ఫొటోలు తీశాను. గుంటలో కాళ్లు పెట్టి నేత నేసేదెలాగో, మొదటిసారి ఉతికేటప్పుడు విడిగా ఎందుకు తడపాలో, నాకు వచ్చిన తెలుగులో రాసి సైటులో పెట్టాను. మా అమ్మాయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది.

ఆ తర్వాత తెలిసినవాళ్లకు ఉత్తరాల్లాంటి మెయిళ్లు రాశాను. కాలేజీలో ఫ్యాషన్ డిజైనింగ్ చెప్పే లెక్చరర్ ఒకరు తమ విద్యార్థులకు చదవమని కాలేజీ సైటులో లింకు పెట్టారు. విదేశంలోని ఒక తెలుగు సంఘంవాళ్లు ఉగాది సంచికలో పెట్టుకుంటామన్నారు. కుట్టుపని నేర్పే ఒకావిడ తన వీడియో కింద మా సైటు పేరు ఇచ్చింది. అలాంటి చోట్ల ఇచ్చే లింకులు గూగుల్ లెక్కలో ఓటుగా పనికిరాకపోవచ్చునట. అయితేనేం, ఆ వీడియో చూసి వచ్చినవాళ్లు చీర కొన్నారు! మొత్తం ఏడాదిలో వచ్చిన లింకులు ఇరవై మూడు. అయిదువేలు ముంచితే, ఇరవై మూడు తేల్చాయి.

గూగుల్ మ్యాపులో దుకాణం వివరాలు కూడా నమోదు చేశాను. 'బిజినెస్ ప్రొఫైల్' అంటారు, పైసా ఖర్చు లేదు. మా ఇంటికి వచ్చి కొనుక్కునేవాళ్లున్నారు కాబట్టి నాకు వీలైంది. మనుషులతో ఎదురుపడకుండా కేవలం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఈ అవకాశం లేదు. చీర కొన్నవాళ్లను "నచ్చితే రెండు ముక్కలు రాయండమ్మా" అని అడుగుతున్నాను. రంగు ఫొటోలో కన్నా ముదురుగా ఉందని ఒకావిడ రాస్తే, క్షమించమని కిందే జవాబు రాసి చీర మార్చి ఇచ్చాను. తర్వాత ఆ జవాబు చూసి వచ్చామన్నవాళ్లే ఇద్దరున్నారు.

మీరు గుర్తుంచుకోవలసినవి

* 'నంబర్ వన్ గ్యారంటీ' అన్నవాళ్లకు దణ్ణం పెట్టి పంపెయ్యండి. ఎవరూ ఆ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

* డొమైను, సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్... అన్నీ మీ పేరుతో, మీ మెయిల్‌తో ఉండాలి. పని చేసేవాళ్లకు అనుమతి ఇవ్వండి గానీ తాళంచెవి ఇవ్వకండి.

* దుకాణం పేరు, చిరునామా, ఫోను నంబరు అన్నిచోట్లా ఒకేలా రాయండి.

* డబ్బిచ్చి ప్రకటన వేయించుకోవడం తప్పు కాదు. కానీ ఆ లింకు ప్రకటనేనని తెలిపే 'స్పాన్సర్డ్' గుర్తు దానికి ఉండాలి. 2019 నుంచి ఈ గుర్తు వాడుకలో ఉంది.

* డిస్కౌంటు ఆశపెట్టి మంచి అభిప్రాయాలు రాయించుకోవద్దు. అది గూగుల్ నియమాలకు విరుద్ధం.

* ఓపిక పట్టండి. ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పట్టవచ్చునని గూగుల్‌వాళ్లే 2017లో ఒక వీడియోలో చెప్పారు.

ఇప్పుడు మా సైటుకు రోజుకు అరవై మంది దాకా వస్తున్నారు. మూడో మగ్గం మళ్లీ ఆడుతోంది. నాలుగోది మాత్రం ఆడటం లేదు. ఆ కుర్రాడు విజయవాడలో బట్టల షాపులో చేరిపోయాడు, ఇక రానన్నాడు. ఆ లెక్క ఏ కన్సోల్‌లోనూ సరిదిద్దలేను.

మొన్న చీరలు తెచ్చుకోవడానికి వెళ్తే పెద్దాయన అడిగాడు: "అమ్మా, ఆ గూగులోడికి నేత గురించి ఏమన్నా తెలుసా?" నవ్వొచ్చింది. "తెలీదు బాబాయ్. కానీ తెలిసినవాళ్లు చెబితే వింటాడు" అన్నాను.

"అయితే మన సంగతి తెలిసినవాళ్ల చేతే చెప్పిద్దాం" అంటూ ఆయన మళ్లీ గుంటలోకి కాళ్లు పెట్టాడు.