గుండె ఆపరేషను తరువాత గొట్టము తీయు గడియ

గుండెకు శస్త్రచికిత్స జరిగిన రోగిని చూచి వెలుపలికి వచ్చిన బంధువులు తరచుగా అడుగు ప్రశ్న యిది: "నోటిలో ఆ గొట్టమేమి? మనిషి మాటాడడేమి?" 2007లో మూడు జిల్లాలలో ఆరంభమై మరుసటి యేడు రాష్ట్రమంతటికి వ్యాపించిన ఆరోగ్యశ్రీలో గుండె శస్త్రచికిత్సలును చేరినవి. ఖమ్మము, భద్రాచలము అడవి పల్లెలవారు ఇట్టి చికిత్సకై దూరపు నగరమునకు పోవుచుందురు. చర్లనుండి హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైమాటయే. కావున ఆ గొట్టము సంగతి మన గృహస్థులు ఎరిగియుండుట మేలని మేము తలంచుచున్నాము.

గాఢమైన మత్తులో నున్నవాడు తనంత తాను ఊపిరి తీయలేడు. అందుచే నోటినుండి స్వరతంత్రుల నడుమగా శ్వాసనాళములోనికి గొట్టము దించి, యంత్రముతో గాలి నింపుదురు. అది ఉన్నంతవరకు గొంతు పెగలదు. చిక్కులు లేని రోగికి ఆపరేషను ముగిసిన 6 గంటలలోపల దానిని తీయవలెనని నేటి వైద్యుల యత్నము. ఆలస్యమైన కొలది న్యుమోనియా భయము. తొందరపడినచో మరల వేయవలసి వచ్చును, అది మరింత అపాయము.

ఆ నడిమి గంటలను కనిపెట్టియుండునది నర్సు. తీయుటకు ఆజ్ఞ సాధారణముగా వైద్యునిదే. కొన్ని దేశములలో మాత్రము వ్రాసియుంచిన నియమముల ననుసరించి శిక్షణ పొందిన నర్సులే తీయుచున్నారు. ఎవరు తీసినను, వేళ వచ్చినదని ముందుగా పసిగట్టునది మంచము వదలని ఆమె కన్నే. చల్లబడిన దేహము వెచ్చబడినదా? రొమ్మునుండి వచ్చు గొట్టములలో నెత్తురు తగ్గినదా? రక్తపుపోటు నిలకడగా నున్నదా? యంత్రపు సాయము తగ్గించినను రోగి ఆయాసపడక ఊపిరి తీయుచున్నాడా? ఇవన్నియు సరిపడినను ఇంకొకటి మిగులును. రోగి చెప్పిన మాట విని కన్ను తెరచి, పిడికిలి బిగించి, తల యెత్తి, గట్టిగా దగ్గవలెను.

మన సీమవారికి చిక్కు ఇచ్చటనే. కోయ మాట తప్ప వేరెరుగని అవ్వ, మగతలో "దగ్గవమ్మా" అను తెలుగు పలుకునకు కదలనిచో, ఇంకను తెలివి రాలేదని అనుకొనవచ్చును. తెలివి వచ్చియు ఆమె గొట్టముతోనే మరికొంతసేపు గడపవలసి వచ్చును. ముందునాడే వెంటవచ్చినవారు నర్సుతో కూర్చుండి, "కన్ను తెరు, చేయి బిగించు, తల యెత్తు, దగ్గు" అను నాలుగింటిని కోయలో ఎట్లు పలుకుదురో తెలుగు లిపిలో వ్రాయించి యిచ్చుట మంచిది. సైగలు అవ్వకును నేర్పవలెను. దీనికి యంత్రమక్కరలేదు, కాగితపు ముక్క చాలును.

తీయునపుడు రోగిని తల యెత్తి కూర్చుండబెట్టి, నోటను గొంతులోను చేరిన కఫమును పీల్చివేయుదురు. గొట్టము చివరనున్న గాలిబుడగను దించి, దగ్గుమందురు. ఆ దగ్గుతోనే గొట్టము వెలుపలికి వచ్చును. వెంటనే ఆక్సిజను ముసుగు. ఇదంతయు క్షణములలోని పని. తరువాతి కాపలాయే పెద్దది. ఊపిరిలో ఈలవంటి చప్పుడు వినబడినచో గొంతు వాచుచున్నదేమోయని నర్సు వైద్యుని పిలుచును. పేరడిగి మాట వచ్చినదా అని చూచును. దగ్గినపుడు కుట్లు అదరకుండ రొమ్మునకు దిండు అదుముకొనుట నేర్పును. గొంతు కొద్దిదినములు బొంగురుగా నుండుట సహజము. మ్రింగుట కుదురుకొనక మునుపు నీరు ఊపిరితిత్తులలోనికి జారవచ్చును గనుక, దాహమని రోగి ఎంత బ్రతిమాలినను, నర్సు సరేయనువరకు గ్లాసు అందింపరాదు. ఆమె నడిగి తడిగుడ్డతో పెదవులు తుడువవచ్చును.