పాత ట్రాక్టరు లిఫ్టు: దాని నడక, దాని రక్షణ



మన కొండాపురము, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టపొలములలో పాత ట్రాక్టర్లు ఇప్పటికిని పనిచేయుచునే యున్నవి. కొత్తబండి కొన శక్తి లేనివారును, ఉన్నబండిని విడువ మనసొప్పనివారును వానినే నమ్ముకొని యున్నారు. ఇంజను మొరాయించిన యెడల మన కుఱ్ఱవాండ్రే ఏదో విధమున కారణము కనుగొందురు. లిఫ్టు మొరాయించినపుడు మాత్రము అందఱును చేతులు ముడుచుకొని మేస్త్రీ కొఱకు ఎదురుచూతురు. అది మూతవేసిన ఇనుపపెట్టెలో నుండుటచేత దాని నడక కంటికి కనబడదు. నేను బడిపంతులుగ జీవితము గడపినవాడను, యంత్రశాస్త్రము చదివినవాడను గాను. అయినను మా యింట ఒక మాసీ ఫెర్గూసన్ 1035 బండి చిరకాలముగ నున్నది. దానివలన కొంత చూచి నేర్చితిని, కొంత నష్టపడి నేర్చితిని.

బావిపై కపిల తోలుట ఎఱిగినవారు మీలో పలువురుందురు. ఎద్దులు వాలుబాటలో దిగినపుడు మోకు లాగబడి తోలుబొక్కెన పైకి వచ్చును. ఎద్దులు వెనుకకు నడచినపుడు ఆ బొక్కెన తన బరువుతోనే బావిలోనికి దిగును. దించుటకు ఎద్దుల బలము అక్కఱలేదు. ట్రాక్టరు లిఫ్టును ఇట్టిదే. ఇచట ఎద్దుల స్థానమున పంపు, మోకు స్థానమున చమురు.

మా బండి జాతిలో గేర్లను తడుపుచుండు చమురే లిఫ్టునకును చమురు. ఆ చమురులో మునిగియున్న పంపు దానిని పీల్చి సిలిండరులోనికి నెట్టును. అందలి పిస్టను కదలి, పైనున్న అడ్డయిరుసును త్రిప్పును. ఇరుసు రెండు కొనల నున్న లిఫ్టుచేతులు లేచి, నిలువుకడ్డీల మూలమున క్రింది లింకులను రెంటిని పైకి లాగును. లింకులకు తగిలించిన గొఱ్ఱు లేచును. మీటను క్రిందికి దించినచో వాల్వు తెఱచుకొని, సిలిండరులోని చమురు మరల పెట్టెలోనికి జాఱిపోవును. అంతట గొఱ్ఱు తన బరువుతో దిగును. మీటను నడుమ నిలిపినచో చమురు ఎటును పోలేక సిలిండరులోనే బంధింపబడును. కావున గాలిలో నిలిచిన ఆ గొఱ్ఱును పట్టుకొని యున్నది చెంబెడు చమురు మాత్రమే. ఈ మాట గుఱుతుంచుకొనుడు, ముందు దీనితో పని యున్నది.

ఈ కల్పన చేసినవాడు హారీ ఫెర్గూసన్. 1884లో ఉత్తర ఐర్లండులో ఒక రైతుయింట పుట్టినవాడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున తిండిగింజల కొఱత యేర్పడగా, 1917లో అచటి ప్రభుత్వమువారు ట్రాక్టరు దుక్కులను పరిశీలింపుమని అతనిని నియోగించిరి. ఆనాటి ట్రాక్టరు నాగలిని బండివలె వెనుక ఈడ్చుకొని పోవుచుండెను. నాగలి రాతికి తగిలి నిలిచిపోయినచో చక్రములు ఆగక, బండి ముందుభాగము పైకి లేచి, వెనుకకు తిరుగబడి తోలువానిపై పడుటయు కలదు. నాగలియు ట్రాక్టరును ఒకే దేహమువలె నుండవలెనని ఫెర్గూసన్ తలచి, క్రింద రెండు, పైన ఒకటి, మొత్తము మూడు లింకులతో నాగలిని బండికి బిగించెను. ఆ పద్ధతిగల ట్రాక్టరు 1936లో అమ్మకమునకు వచ్చినది. 1939లో అమెరికాలో హెన్రీ ఫోర్డుతో కలిసి మఱియొక బండిని వెలువరించెను. 1946 మొదలు 1956 వఱకు ఇంగ్లండులోని కోవెంట్రీలో అతని బూడిదరంగు బండ్లు 5 లక్షలకు పైగా తయారైనవి. 1953లో అతని సంస్థ మాసీ-హారిస్ కంపెనీతో కలిసినది. 1960లో మద్రాసున స్థాపితమైన టాఫే కంపెనీ ద్వారా ఆ వంశపు బండ్లు మన దక్షిణదేశపు పొలములకు వచ్చినవి. నేడు ఏ కంపెనీ బండి వెనుక చూచినను ఆ మూడు లింకులే కనబడును.

అమరకోశమున నాగలికి గోదారణమని ఒక పేరు కలదు. భూమిని చీల్చునది యని అర్థము. చీల్చుట సులువే, ఎంత చీల్చవలెనో తెలియుటయే దుక్కివాని విద్య. నేల గట్టిపడి ఎద్దులు తడబడినపుడు దుక్కివాడు మేడిపై పట్టు మార్చి కఱ్ఱును కొంచెము పైకి తేల్చును. మెత్తని నేల రాగానే మరల లోతునకు దించును. ఫెర్గూసన్ ఆ చేతిని యంత్రమునకిచ్చెను. అదెట్లనగా: కఱ్ఱులకు నేల అడ్డుతగిలినపుడు క్రింది లింకులు లాగబడును, పై లింకు ముందుకు నెట్టబడును. పై లింకు మొదట ఒక బలమైన స్ప్రింగు కలదు. నెట్టుడు ఎక్కువైన కొలది అది నొక్కుకొనును. ఆ కదలిక లోపలి కడ్డీద్వారా వాల్వునకు చేరి, సిలిండరులోనికి కొంచెము చమురు పోయి, నాగలి కొంచెము లేచును. భారము తగ్గగానే స్ప్రింగు సాగి నాగలి తన లోతునకు తాను దిగును. ఇంతేకాక, అట్లు పట్టియెత్తునపుడు నాగలి భారము వెనుకచక్రములపై పడి వానికి నేల పట్టు హెచ్చును. తేలికబండి బరువుదుక్కి చేయగలుగుట ఇందువలననే.

ఈ కారణముచేతనే ఈ బండ్లలో రెండు మీటలు ఉంచినారు. భారమును బట్టి లోతు సవరించునది డ్రాఫ్టు మీట, చెప్పిన యెత్తున నిలుపునది పొజిషన్ మీట. నాగలికిని గొఱ్ఱునకును మొదటిది, రోటవేటరునకును చదునుచేయు బ్లేడునకును రెండవది తగినది. మన పిల్లలు అన్నింటికిని ఒకే మీట లాగుదురు, పైగా దుక్కి సమముగ రాలేదని బండిని నిందింతురు. పై లింకు మొదటి స్ప్రింగు వద్ద పంగను చేతితో పట్టి చూడుడు. అది చేతితో తిరుగవలెను గాని ముందువెనుకలకు ఆడరాదు. ఆడుచున్నచో లోతు నిలకడగ నుండదు, మేస్త్రీచేత బిగింపించవలెను.

ఇక రోగముల సంగతి. ఒకనాడు మా లిఫ్టు ఎంతకును లేవలేదు. వచ్చిన మేస్త్రీ పంపు పోయినదని తేల్చి, పైమూత విప్పవలెననియు, కొత్తపంపు తేవలెననియు పెద్ద పట్టిక వ్రాసెను. ఆ రాత్రి మా మనుమడు బండితో వచ్చిన పుస్తకము తిరుగవేసి, పొద్దున పోయి పీటీఓ మీటను సరిగా వేసెను. లిఫ్టు లేచినది! పూర్వదినమున నూర్పిడి యంత్రము నడిపి, ఆ మీటను తప్పించి వదలినారట. ఈ జాతి బండిలో పంపును త్రిప్పునది పీటీఓ యిరుసే. అది తిరుగనిచో పంపును తిరుగదు. క్లచ్చిని పూర్తిగా త్రొక్కినపుడు లిఫ్టు ఆగుటకును ఇదియే కారణము. పంపును ఇంజనే నేరుగ త్రిప్పు బండ్లకు ఈ మాట చెల్లదు.

మీట సరిగా నున్నను లేవనిచో చమురు మట్టము చూడుడు. చమురు తక్కువైనపుడు పంపు గాలి పీల్చును, చమురు నురగలు కట్టును, గొఱ్ఱు వణకుచు లేచును. మట్టము సరియైనచో పంపు పీల్చు జల్లెడకు మడ్డి పట్టినదేమో చూడవలెను. పంపును అనుమానించుట అటుపిమ్మట.

లేచిన గొఱ్ఱు ఇంజను ఆపిన కొంతసేపటికే దిగిపోవుచున్నదా? అయినచో బంధింపబడిన చమురు ఎచటనో తప్పించుకొనుచున్నది. పిస్టను రింగులు అరిగియుండవచ్చును, సీలు చినిగియుండవచ్చును, వాల్వు సరిగా మూతపడక పోవచ్చును. ఇంజను నడచుచుండగా గొఱ్ఱు నిదురపోవువాని తలవలె కొంచెము దిగి మరల లేచుచుండినను రోగ మదియే. జాఱిన చమురును పంపు మాటిమాటికి నింపుచున్నదన్నమాట. ఇది ముదురుటకు నెలలు పట్టును, గనుక మనవారు ఉపేక్షింతురు.

మా తమ్ముని కుమారుడును ఉపేక్షించెను. గొఱ్ఱు లేపి, ఇంజను నడచుచుండగనే, వదులైన బోల్టును బిగించుటకు దానిక్రింద దూరెను. ఆసనముపై కూర్చున్న చిన్నపిల్లవాడు ఆటగా మీటను కదలించెను. కఱ్ఱులు పాదముపై దిగినవి. ప్రాణము దక్కినది గాని, అతడు నేటికిని చేతికఱ్ఱ లేక గట్టు దాటలేడు. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడైనాడు. ఆ సంగతి ఇంటిలో నెవరును ఎత్తరు. లిఫ్టులో ఏ దోషమును లేకున్నను అట్లు జరుగును. అందుచేత పనిముట్టుక్రింద చేయి పెట్టవలసినపుడు ముందు దానిని నేలకు దించవలెను. దించ వీలులేని పనియైనచో బలమైన మొద్దులపై ఆన్చి, ఇంజను ఆపి, పిల్లలను దూరముగ పంపి, అటుపిమ్మట దూరవలెను. బండిని దొడ్డిలో నిలుపునపుడును గొఱ్ఱును నేలపై దింపియే నిలుపుడు.

తాటిమొద్దులు లాగునపుడు గొలుసును పై లింకు స్థానమున కట్టువారు కలరు. వెనుకయిరుసుకంటె పైనుండి లాగిన బండి ముందుకాలు లేపి తిరుగబడును. ఫెర్గూసన్ తప్పింపజూచిన అపాయమునే మనము తెచ్చిపెట్టుకొనుట యగును. లాగుడుపని క్రింద నున్న హుక్కుతోనే చేయవలెను.

చమురును గూర్చి కొంత విపులముగ చెప్పవలసి యున్నది, ఏలయన లిఫ్టు ఆయువు దానిలోనే యున్నది. చెఱువుల క్రింద వరిమళ్లలో దమ్ము చేయునపుడు వెనుకభాగము బురదనీటిలో మునుగును. పీటీఓ సీలు అరిగినను, గేరుమీట రబ్బరు చినిగినను నీరు లోపలికి ఊరును. నీరు కలిసిన చమురు మజ్జిగరంగు తిరుగును. పంపులోను వాల్వులోను ఇనుపముక్కలు వెండ్రుక సందు లేకుండ అమరియుండును. అచట రవ్వంత త్రుప్పు పట్టిన చాలును, పట్టు పోవును. ఆ ఖర్చుతో ఎన్నిసార్లయినను చమురు మార్చుకొనవచ్చును.

ఇంజనులోనుండి తీసిన నల్లచమురును లిఫ్టులో పోయువారిని చూచితిని. అది పొదుపు గాదు. పుస్తకములో చెప్పిన రకమునే, మూతగల శుభ్రమైన డబ్బాతో తెచ్చి, నూలుపోగులు రాని గుడ్డతో తుడిచిన గరాటుతో పోయవలెను. పాతచమురును పని ముగిసి బండి వెచ్చగ నున్నపుడే దింపినచో మడ్డియు దానితో వచ్చును. పెట్టె అడుగున బిరడాలు ఒకటికంటె ఎక్కువ ఉండును. ఒక్కటే విప్పినచో సగము పాతచమురు లోపలనే నిలుచును.

బయటి భాగములను గూర్చి రెండుమాటలు. కుడివైపు నిలువుకడ్డీని పొడవు పొట్టి చేయు మరకు గ్రీజు పెట్టుచుండవలెను, లేనిచో బిగుసుకొనిపోయి గొఱ్ఱు ఒకవైపు వాలును. పక్కగొలుసులు మరీ వదులైనచో లింకులు చక్రములకు తగులును. పిన్నులకు బదులు బండిమేకులు దూర్చు అలవాటు మానవలెను.

మృగశిరకు ముందొకసారి, ఈశాన్యపు వానలకు ముందొకసారి ఈ పరీక్ష చేయుడు. రాత్రియంతయు కదలక నిలిచిన బండి క్రింద, ఉదయమున ఇంజను వేయకముందే, ఒక గాజుసీసా పట్టి అడుగు బిరడాను రెండు చుట్లు మాత్రము సడలింపుడు. నీరు చమురుకంటె బరువైనది గనుక అడుగున చేరియుండి ముందుగ వచ్చును. సీసాలో చమురే పడినచో బిరడా బిగించి పొలమునకు పోవచ్చును. నీరు పడినచో ఆ దినము బండిని నిలిపి, చమురంతయు మార్చి, సీలును చూపించుడు.