డిజైనర్ పేరుకు ఎంత? బట్టకు ఎంత?

గత నవంబరులో ఒక గురువారం ఉదయం లండన్‌లోని మా ఇంట్లో మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ఒకే వెబ్‌సైట్‌ను తెరుచుకుని కూర్చున్నాయి. హై స్ట్రీట్‌లోని ఒక బట్టల షాపు, పేరున్న డిజైనర్‌తో కలిసి చేసిన కలెక్షన్ అమ్మకం ఆ రోజే మొదలు. ‘‘నాన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, క్యూలో ముందుకెళ్లే దారేమైనా ఉందా?’’ అని మా అమ్మాయి అడిగింది. లేదని చెప్పాను.

తనకు కావలసిన జాకెట్ 180 పౌండ్లు. పార్ట్‌టైమ్ పనిచేసి దాచుకున్న డబ్బు. ‘‘డిజైనర్ సొంత షాపులో ఇలాంటిది 1,800 ఉంటుంది. పదో వంతుకే వస్తోంది’’ అన్నది తన లెక్క.

ఈ వ్యాపారమంతా నడిచేది ఆ లెక్క మీదే. హెచ్ అండ్ ఎం 2004 నవంబరులో కార్ల్ లాగర్‌ఫెల్డ్‌తో కలెక్షన్ తెచ్చినప్పుడు చాలా షాపుల్లో గంటల్లోనే ఖాళీ అయింది. 2011లో అమెరికాలో మిస్సోనీ బట్టలు అమ్మకానికి పెట్టిన రోజు టార్గెట్ వెబ్‌సైట్ కుప్పకూలింది. 2015లో బాల్మేన్ కలెక్షన్ కోసం లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో జనం రాత్రంతా పేవ్‌మెంట్ మీదే ఉన్నారు. కొన్నవాటిలో కొన్ని ఈబేలో ఎక్కువ ధరకు మళ్లీ అమ్మకానికి వచ్చాయి.

సరుకు తక్కువగా ఉంటే తొందర పుడుతుంది. తొందరలో ఉన్నవాడు ధర గురించి ఆలోచించడు. డెబెన్‌హామ్స్ 1993లో మొదలుపెట్టిన పద్ధతి వేరు. జాస్పర్ కాన్రన్ లాంటి డిజైనర్ల బట్టలు అక్కడ ఏడాది పొడవునా దొరికేవి. చేత్తో పట్టుకుని, వేసుకుని చూసి కొనే వీలుండేది.

నా లెక్క వేరు. డిజైనర్ సొంత షాపులో ధర పెట్టేది తక్కువ సంఖ్యలో, ఖరీదైన బట్టతో చేసిన వస్తువుకి. హై స్ట్రీట్ జాకెట్‌ను పెద్ద సంఖ్యలో కుట్టిస్తారు. కాబట్టి పోల్చాల్సింది 1,800 పౌండ్ల జాకెట్‌తో కాదు, అదే షాపులో పక్క హ్యాంగర్‌కు ఉన్న 70 పౌండ్ల జాకెట్‌తో. మిగతా 110 పౌండ్లలో మంచి బట్టకు ఎంత, డిజైనర్ ఫీజుకు ఎంత, ప్రకటనలకు ఎంత? షాపు చెప్పదు. లైనింగ్, కుట్టు, లేబుల్ చూసి మనమే అంచనా వేసుకోవాలి.

మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ 2021 ఆగస్టులో వచ్చిన సబ్యసాచి, హెచ్ అండ్ ఎం కలెక్షన్. అందులోని చీర ధర ఇండియాలో 9,999 రూపాయలు. లక్షలు పలికే ఆయన పెళ్లి లెహంగాల పక్కన పెడితే చవకే అనిపించింది. కానీ దాని మీది సాంగనేరి తరహా డిజైన్ చేత్తో అద్దింది కాదు, మెషీన్ ప్రింట్. ఆ పని కళాకారులకు ఇచ్చి ఉంటే ఎందరికో ఉపాధి దొరికేదని హస్తకళల సంఘాలు బహిరంగ లేఖ రాశాయి. భారతీయ డిజైన్‌ను ప్రపంచానికి చూపడమే తన ఉద్దేశమని సబ్యసాచి జవాబిచ్చారు.

పోచంపల్లి చీర ధర మరోలా ఏర్పడుతుంది. నేయకముందే నూలును కట్టలు కట్టి, రంగులో ముంచి, మళ్లీ విప్పాలి. నూలు ఖరీదుతో పాటు మగ్గం మీద గడిచిన రోజులు కూడా ఆ ధరలో ఉంటాయి. ఆ ధర దేనికో అడిగితే నేతగాడు చెప్పగలడు.

ఇక ఆ గురువారం సంగతి. క్యూలో మా వంతు వచ్చేసరికి తన సైజు అయిపోయింది. సాయంత్రానికి అదే జాకెట్ ఒక రీసేల్ యాప్‌లో 340 పౌండ్లకు కనిపించింది. మా అమ్మాయి నా వైపు చూసింది. నేనేమీ అనలేదు.

రెండు వారాలకు, ఎవరో వాపసు ఇచ్చిన జాకెట్ తన సైజులోనే షాపు ర్యాక్ మీద దొరికింది. వేసుకుంది, లోపలి లైనింగ్ తిప్పి చూసింది, పక్కనున్న 70 పౌండ్ల జాకెట్ కూడా వేసుకుంది. ‘‘పేరు తీసేస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు నాన్నా’’ అంటూ రెండింటినీ అక్కడే పెట్టేసి వచ్చింది.