ఓర్వకల్లు, కొప్పర్తికి ఫ్యాక్టరీలు వస్తే చాలా? కొత్త ఐడియాలు పుట్టాలంటే ఏం కావాలి?

కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి.. రాయలసీమ యువత ఆశలు పెట్టుకున్న పేర్లివి. ఈ రెండు చోట్ల పారిశ్రామిక పార్కులకు కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టులో ఓకే చెప్పింది. ఓర్వకల్లులో 2,621 ఎకరాలు, రూ.2,786 కోట్లు. కొప్పర్తిలో 2,596 ఎకరాలు, రూ.2,137 కోట్లు. 2025 అక్టోబర్ 16న ప్రధాని మోదీ కర్నూలులో శంకుస్థాపన చేశారు. రోడ్లు, నీళ్లు, కరెంట్ వస్తాయి సరే.. మరి కొత్త ఆవిష్కరణలూ వస్తాయా? అది ఆ ప్రాంతంలో పరిశ్రమలు ఎలా అల్లుకుని ఉన్నాయన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

సీమలో ఇప్పుడేముంది?

ఇక్కడ భూమిలోంచి తవ్వి బయటికి పంపేదే ఎక్కువ. మంగంపేట ముగ్గురాయినే చూడండి. ఆయిల్ బావుల డ్రిల్లింగ్‌లో వాడే ఈ ఖనిజం ఇక్కడి నుంచి రాయిగానో, పొడిగానో వెళ్లిపోతుంది. యర్రగుంట్ల చుట్టుపక్కల పెద్ద సిమెంట్ ప్లాంట్లున్నాయి. కానీ పెద్ద కంపెనీల హెడ్ ఆఫీసులు, పరిశోధన విభాగాలు సాధారణంగా వేరే నగరాల్లో ఉంటాయి. ఉమ్మడి కర్నూలులోని బేతంచెర్ల, బనగానపల్లెలో మాత్రం సీన్ వేరు. అక్కడ నాపరాయిని కోసి, పాలిష్ పట్టే చిన్న చిన్న ఫ్యాక్టరీలు పక్కపక్కనే ఉంటాయి.

నిపుణులు ఏమన్నారు?

ఒకే పని చేసేవాళ్లు ఒక్కచోట ఉంటే ఆ పనిలోని మెలకువలు ఊరంతా పాకుతాయని ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే చెప్పారు. కొత్త ఐడియా రావాలంటే రకరకాల పనులు కలవాలన్నది 1969లో జేన్ జేకబ్స్ వాదన. బెంజమిన్ చినిట్జ్ 1961లో న్యూయార్క్‌ను పిట్స్‌బర్గ్‌తో పోల్చారు. పెద్ద ఉక్కు కంపెనీలదే రాజ్యమైన పిట్స్‌బర్గ్ కంటే, చిన్న యూనిట్లు ఎక్కువున్న న్యూయార్క్‌లోనే కొత్తవాళ్లకు అప్పు, సరుకు, సాయం తేలిగ్గా దొరికేవని తేల్చారు.

మన దగ్గర దారేది?

నాపరాయి కోసి పాలిష్ పట్టినప్పుడు రాతి పొడి కలిసిన బురద మిగులుతుంది. ఆరితే అది సున్నపురాయి పొడే. సిమెంట్‌కు ప్రధాన ముడిసరుకు కూడా సున్నపురాయే! ఈ పొడిని ఇటుకల తయారీలోనూ వాడొచ్చు. అంటే ఒకరి చెత్త ఇంకొకరికి సరుకు. కానీ నాణ్యత పరీక్షించే ల్యాబ్, గిట్టుబాటయ్యే రవాణా, కొనేవాళ్లు.. ఈ మూడూ కలిస్తేనే పని జరుగుతుంది. డిజైన్, తయారీ రంగ చదువుల కోసం 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ కర్నూలులోనే ఉంది. ఇడుపులపాయలో ఇంకో ట్రిపుల్ ఐటీ ఉంది.

అసలు పరీక్ష ఇదే

టైల్స్ పోటీతో నాపరాయికి ఇప్పటికే గడ్డుకాలం. చిన్న ఫ్యాక్టరీలు మూతపడితే కూలీల ఉపాధే కాదు, తరాలుగా వచ్చిన రాతి పనితనమూ పోతుంది. కొత్త కంపెనీలు మెషీన్లు, విడిభాగాలు, మనుషులు అన్నీ బయటి నుంచే తెచ్చుకుంటే పార్కు ప్రహరీ గోడ లోపలే ఆగిపోతుంది. స్థానిక వర్క్‌షాపులకు ఆర్డర్లు, కాలేజీలకు ప్రాజెక్టులు ఇస్తేనే ఫలితం ఊళ్లోకి వస్తుంది. అందుకే ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు అని లెక్కేస్తే చాలదు. పక్క ఊరి వర్క్‌షాపుకు ఎన్ని ఆర్డర్లు వచ్చాయో కూడా చూడాలి.