ఊదారంగు పుటల రహస్యం

ఇటలీలోని రొస్సానో పట్టణంలో ఆరవ శతాబ్ది నాటి సువార్త గ్రంథమొకటి ఉన్నది. తోలు పుటలకు ఊదారంగు వేసి, వెండి బంగారు సిరాలతో వ్రాసిన గ్రంథమది. ఇట్టి పుటలకు వేసినది రోమన్ చక్రవర్తులు ధరించిన సముద్రపు నత్తల రంగేనని చిరకాలం భావించారు.

1909లో ఫ్రీడ్లాండర్ అనే రసాయనవేత్త 12,000 నత్తల నుండి 1.4 గ్రాముల రంగు మాత్రమే రాబట్టగలిగాడు. నీలిమందు అణువులో రెండు బ్రోమిన్ పరమాణువులు చేరితే ఆ రంగు ఏర్పడుతుందని నిరూపించాడు.

ఆ బ్రోమినే నేటి పరీక్షకు ఆధారం. ఎక్స్‌కిరణాలు సోకినప్పుడు ప్రతి మూలకమూ తనదైన కిరణాలను వెలువరిస్తుంది. పుట నుండి రవంత ముక్కయినా కోయనక్కరలేదు. బ్రోమిన్ జాడ లేకుంటే, పుటపై పడి మరలిన కాంతిలో ఏ వర్ణాలు తగ్గాయో పరిశీలించి వేరే రంగును గుర్తిస్తారు.

రొస్సానో పుటలది ఆర్కిల్ రంగని 2014లో ప్రకటితమైన పరిశోధన తెలిపింది. రాళ్లపై పెరిగే లైకెన్లను అమ్మోనియా కొరకు మూత్రంలో నానవేసి ఆర్కిల్‌ను తయారుచేసేవారు. మన మసాలాలోని రాతిపువ్వు కూడా ఒక లైకెనే.

నత్తరంగు కంటె ఆర్కిల్ వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. కనుక ఆ పుటలను ఎంత వెలుతురులో, ఎంతకాలం ప్రదర్శించవచ్చునో నిర్ణయించవలసినది కంటికి కనిపించే వర్ణాన్ని బట్టి కాదు, దాని రసాయన స్వభావాన్ని బట్టి.